కొండకూ ఒక లెక్క కావాలి

ఎగువ అహోబిలం గుడి దాటి జ్వాలా నరసింహస్వామి దారి పట్టే చోట పొద్దున్నే డోలీలవాళ్లు కనబడతారు. బొంగులకు కట్టిన కుర్చీలు గోడకు ఆనించి ఉంటాయి. వాటి పక్కన నలుగురైదుగురు మగవాళ్లు, భుజాన మడత పెట్టిన తువ్వాలు, కాళ్లకు అరిగిపోయిన చెప్పులు. కారు దిగుతున్న పెద్దావిడ బరువెంతో వాళ్లు ఒక్క చూపులో అంచనా కడతారు. బేరం కుదిరి డోలీ లేచిందంటే ఆవిడ కళ్లు మూసుకుని స్వామిని తలచుకుంటుంది. మోసేవాళ్లు మాత్రం ఒక్క మాట మాట్లాడరు. ఊపిరిని మెట్ల కోసం దాచుకుంటారు. నేను చూసిన రోజు వాళ్లలో ఒకాయన తువ్వాలు తీసినప్పుడు భుజం మీద బొంగు ఆనేచోట చర్మం కాయకాచి ఉంది. నాగలి పట్టినవాడి అరచేతికి కాసినట్టు ఆయనకు భుజం కాసింది.

ఈ ఊరు నిలబడింది ఆ భుజం మీదే. చేతికర్రలు అమ్మే పిల్లవాడు, జీపు డ్రైవరు, కొబ్బరికాయల అంగడి, సత్రంలో వంటమనిషి, నవ నరసింహుల గుళ్లకు దారి చూపే మనిషి, అందరి పొయ్యీ వెలిగేది కొండెక్కేవాళ్లు వస్తేనే. ఫాల్గుణ బ్రహ్మోత్సవాలు, స్వాతి నక్షత్రం, శని ఆదివారాలు వాళ్లకు సుగ్గి. మిగతా రోజుల్లో గిరాకీ కోసం దారివంక చూడటమే. రాయలసీమలో వాన కోసం రైతు ఎట్లా చూస్తాడో, అహోబిలంలో బస్సు కోసం అట్లా చూస్తారు.

ఒకే ఒక్క ఆకర్షణ చుట్టూ అల్లుకున్న కొండ ఊళ్లు ప్రపంచమంతటా ఉన్నాయి. మంచు దేశాల్లో అవి స్కీయింగ్ ఊళ్లు. మంచు పడితే హోటళ్లు నిండుతాయి, పడకపోతే ఊరంతా పస్తు. మన దేశంలో అలాంటివి గుల్మార్గ్, ఔలి. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచు లేక మట్టిరంగులో కనబడ్డాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడ్డాయి. మంచు మనది కాదు గనక ఆ కష్టమూ మనది కాదనుకుంటే పొరపాటు. ఔలి కథ అహోబిలం తెలుసుకోవలసిన కథ. ఎందుకంటే ఔలికి కింద ఉన్నది మరో నరసింహ క్షేత్రం, జోషీమఠ్.

బదరీనాథ్ తలుపులు మూసే చలికాలంలో శంకరాచార్యుల గద్దె చేరేది జోషీమఠ్ నరసింహాలయానికే. 108 దివ్యదేశాల్లో తిరుప్పిరిదిగా వైష్ణవులు గుర్తించేది ఆ ఊరినే. దాన్ని కీర్తించిన తిరుమంగై ఆళ్వారే సింగవేళ్‌కుండ్రం పేరుతో అహోబిలాన్నీ కీర్తించాడు. దేవతలకు తప్ప మరొకరికి చేరశక్యం కాని చోటని మన కొండను వర్ణించాడు. ఒకే ఆళ్వారు పాసురాల్లో చోటు దొరికిన ఈ రెండు ఊళ్లలో మొదటిదాని గతి ఏమైందో చూడండి.

జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద కూర్చున్న ఊరు. అక్కడ భారీ కట్టడాలు వద్దని, వాలుల్లో బండరాళ్లు తవ్వొద్దని, చెట్లు కొట్టొద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. ఊరు వినలేదు, ప్రభుత్వాలూ వినలేదు. బదరీ యాత్రికులకు గదులు కావాలి, ఔలి మంచుకు వచ్చేవాళ్లకూ గదులు కావాలి. కింది నుంచి ఔలికి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోప్‌వే వేశారు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు పెట్టి, పడని మంచును యంత్రాలతో కురిపించే ఏర్పాటు చేశారు. 2023 జనవరి వచ్చేసరికి జోషీమఠ్‌లో 800కు పైగా కట్టడాలు బీటలు వారాయి. జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. రోప్‌వే ఆగిపోయింది. తప్పంతా యాత్రికులదీ హోటళ్లదీ అనడం న్యాయం కాదు. జలవిద్యుత్తు సొరంగాలు, మురుగుకు దారి లేకపోవడం, కొండను తొలిచిన రోడ్లు, అన్నిటికీ అందులో పాలుంది. అయితే ఆ కొండ ఎంత మోయగలదని కట్టకముందు లెక్క కట్టి చూసినవాళ్లు లేరు. హెచ్చరిక రాతపూర్వకంగా చేతిలో ఉండి కూడా చూడలేదు.

అహోబిలం ఉన్న నల్లమల రాయి వేరు. హిమాలయం ఇంకా కదులుతున్న కుర్రకొండ, మనది కోట్ల ఏళ్లనాటి గట్టి రాతికొండ. అహోబిలం జోషీమఠ్ లాగా కుంగిపోతుందని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు. ఇక్కడి ప్రమాదం నేలలో లేదు. నీళ్లలో, చెత్తలో, నిప్పులో, అడవిలో ఉంది. అది ఒక్క రాత్రిలో గోడ చీల్చి కనబడే రకం కాదు కాబట్టే ఎవరికీ తొందర పుట్టడం లేదు.

ముందు నీళ్ల సంగతి. గరుడాద్రి, వేదాద్రి నడుమ పారే భవనాశి ఈ ఊరికి ప్రాణం. వానాకాలం పొంగి దారులు మూయిస్తుంది, ఎండాకాలం గుండాల్లోకి కుదించుకుపోతుంది. కొండ కింద తెలుగుగంగ కాలువ పోతుంటుంది గానీ కొండమీది ఊరికి దిక్కు కొండ నీళ్లే. ప్రభుత్వం గ్రామీణ తాగునీటిని మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున లెక్క కడుతుంది. ఆ మనిషి ఎవరు? జనాభా లెక్కల్లో పేరున్న గ్రామస్తుడు. స్వాతి నాడు వచ్చి, సత్రంలో స్నానం చేసి, అన్నప్రసాదం తిని, మధ్యాహ్నానికి వెళ్లిపోయే యాత్రికుడు ఆ లెక్కలో లేడు. పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు వచ్చేదీ ప్రధానంగా జనాభా లెక్కనే. ఊళ్లో ఉన్న కొద్దిమందికి సరిపోయే డబ్బుతో, ఊళ్లో లేని వేలమంది వదిలిపోయిన చెత్త ఎత్తాలి. ఏ సర్పంచి కుర్చీలో కూర్చున్నా ఈ లెక్క కుదరదు.

చెత్త గురించి పెద్దగా చెప్పనక్కరలేదు, వెళ్లినవాళ్లందరూ చూసిందే. పావన నరసింహస్వామి దగ్గర జాతర జరిగిన మర్నాడు ఆకుల మధ్య ఎండకు తళతళమనేవి ఏమిటా అని వంగి చూస్తే పేపర్ ప్లేట్ల మెరుపు పూత. మాఘం దాటితే ఈ అడవి ఎండుటాకుల కుప్ప. ఆర్పకుండా వదిలేసిన పొయ్యి ఒక్కటి చాలు, కొండకు కొండ అంటుకోవడానికి. ఏటా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నల్లమలలో అటవీ సిబ్బంది పని సగం నిప్పుతోనే.

ఈ అడవిలో పులి ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే విస్తీర్ణంలో పెద్దది. అక్కడి నుంచి దక్షిణంగా లంకమల మీదుగా శేషాచలం దాకా సాగే కొండల వరుసలో అహోబిలం ఒక కణుపు. శేషాచలంలో ఏం జరిగిందో మరిచిపోకూడదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుతపులి ఆరేళ్ల పాపను ఎత్తుకుపోయి చంపింది. తర్వాతే పిల్లలతో నడిచేవాళ్లకు వేళలు పెట్టారు, గుంపులుగా పొమ్మన్నారు, చేతికి కర్రలిచ్చారు. లక్షలమంది నడిచే, దీపాలు వెలిగే, కాపలా ఉండే దారిలోనే అంత ఘోరం జరిగితే, జ్వాలా దారిలో చీకటి పడ్డాక దిగే కుటుంబాల మాటేమిటి? ప్రాణం పోయాక పెట్టే నియమం ముందే పెట్టడానికి ఖర్చేమీ కాదు.

అహోబిలానికి సౌకర్యాలే వద్దని నేననడం లేదు. సౌకర్యం ఇక్కడ కొత్తదేమీ కాదు. 14వ శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థాన కవి ఎఱ్ఱాప్రగడే ఈ కొండ దేవుడి కథను నృసింహపురాణంగా రాశాడు. కృష్ణదేవరాయలు కళింగ జైత్రయాత్ర నడుమ ఇక్కడికి వచ్చి ఆభరణాలు సమర్పించినట్టు శాసనం ఉంది. రాజులంతా కొండకు ఏదో ఒకటి కట్టినవాళ్లే. అయితే మెట్టుకు ఒక గుణముంది. అది ఎవరినీ ఆపదు, ఎవరినీ తొందరపెట్టదు. గంటకు ఎంతమంది పైకి చేరగలరో మోకాళ్లే నిర్ణయిస్తాయి. ఆరు వందల ఏళ్లకు పైగా ఈ కొండ మీది రద్దీని అదుపులో పెట్టింది ఆ మెట్లే.

రోప్‌వే వస్తే ఆ లెక్క తారుమారవుతుంది. నవ నరసింహులకు రోప్‌వే వేయాలన్న మాట నంద్యాల ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మోకాళ్ల నొప్పులున్న తల్లికి జ్వాలా దర్శనం చేయించాలని ఏ కొడుక్కుండదు? శ్రీశైలంలో పాతాళగంగకు రోప్‌వే ఉంది కదా అంటారు. ఉంది. కానీ అది దింపేది విశాలమైన నది ఒడ్డున. జ్వాలా నరసింహుడు కొలువున్నది అచలచ్ఛాయ మేరువు ఒడిలో, పైన జలపాతం, కింద లోయ, మధ్యలో పదిమంది ఒకేసారి నిలబడితే ఇరుకయ్యే చోటు. గంటకు రెండు మూడు వందల మందిని అక్కడ దింపితే వాళ్లు నిలబడేదెక్కడ? వాళ్ల కోసం బండను చెక్కాలి, రేకుల షెడ్డు వేయాలి, మరుగుదొడ్లు కట్టాలి, ఆ మురుగు కిందికి పోవాలి. కింద ఉన్నది రక్తకుండం, భవనాశి.

కొండ తనంతట తానే ఒక ఏర్పాటు చేసిపెట్టింది. యోగానంద, ఛత్రవట, కారంజ నరసింహుల గుళ్లకు దారి సులువు, బండ్లు పోతాయి. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడి నేలమీదే ఉంది. విజయనగర శిల్పుల పనితనం చూడాలంటే ఆ ఒక్క గుడికే పూట సరిపోదు. నడవలేనివాళ్లకు ఈ నాలుగుచోట్ల చక్రాల కుర్చీ నడిచే బాట, నీడ, కూర్చునే అరుగు, శుభ్రమైన మరుగుదొడ్డి కల్పిస్తే చాలు, వాళ్ల యాత్ర నిండుగా సాగుతుంది. జ్వాల, మాలోల, వరాహ, పావన దారులను నడిచేవాళ్లకు, డోలీకి వదిలేద్దాం. ఉగ్రస్తంభం శిఖరం ఎక్కేవాళ్ల సంఖ్యకు రోజువారీ హద్దు ఉండాలి, వెంట ఊరి మనిషి తప్పనిసరిగా ఉండాలి.

హద్దు అనగానే భక్తికి అడ్డుపడుతున్నారంటారు. వైష్ణోదేవికి రోజుకు 50 వేలమందిని మించి పంపొద్దని 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. శబరిమల అయ్యప్ప దర్శనానికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. నీలగిరికి, కొడైకెనాల్‌కు వెళ్లే బండ్లకు మద్రాసు హైకోర్టు 2024 మేలో ఈ-పాసు పెట్టించింది. 2025లో నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లని హద్దు గీసింది. వీటివల్ల ఎవరి భక్తీ తగ్గలేదు, ఎవరి విహారమూ ఆగలేదు.

హద్దు అనే మాట అహోబిలానికి పరాయిది కూడా కాదు. ఇక్కడి పెద్దలు రద్దీని ఎట్లా పంచారో చూడాలంటే పారువేట చూడాలి.

సంక్రాంతి మరునాడు, కనుమ పూట, జ్వాలా నరసింహుడి, ప్రహ్లాదవరదుడి ఉత్సవమూర్తులు పల్లకిలో ఊళ్లకు బయలుదేరతాయి. ఈ అడవి గిరిజనులైన చెంచులు విల్లెక్కుపెట్టి పల్లకి వైపు బాణం వేస్తారు. వాళ్ల ఆడబిడ్డ చెంచులక్ష్మిని చేసుకున్నందుకు స్వామి వాళ్ల ఇంటల్లుడు. అక్కడి నుంచి పల్లకి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. త్వరలో జరగబోయే తన పెళ్లికి స్వామే స్వయంగా వచ్చి ఊళ్లను పిలుస్తాడని నమ్మకం. పల్లకి వచ్చిందంటే ఆ ఊళ్లో తిరునాళ్లు. అత్తగారిళ్ల నుంచి ఆడపిల్లలు వస్తారు, ఇల్లిల్లూ అలికి ముగ్గేస్తారు, ఏ కులంవాళ్ల వంతు సేవ వాళ్లు చేస్తారు. తిరుగు ప్రయాణం ముగిశాక కొండమీద బ్రహ్మోత్సవాలు.

దీన్ని మనం ఆచారంగానే చూస్తున్నాం. ఒక్కసారి ఊరి లెక్కల కళ్లతో చూడండి. జనమంతా కొండెక్కాల్సిన పనిలేకుండా దేవుడే దిగి వస్తాడు. నడవలేని ముసలివాళ్లకు, చంటిబిడ్డల తల్లులకు ఇంటి గుమ్మంలోనే దర్శనం. తిరునాళ్ల వ్యాపారం ఒక్క కొండ ఊరికే కాకుండా ముప్పై ఊళ్ల అంగళ్లకు పంచబడుతుంది. ఆ ఊళ్లు గుడిని తమదనుకుంటాయి కాబట్టి గుడికి కష్టమొస్తే ఆదుకుంటాయి. స్కీయింగ్ ఊళ్లకు లేనిదీ, అహోబిలానికి ఉన్నదీ ఇదే. మంచు కొండ దిగి పల్లెలకు రాదు, నరసింహుడు వస్తాడు. ఈ ఏర్పాటును ఏడాది పొడవునా ఆచరణలోకి తేవచ్చు. యాత్రికుల గదులన్నీ ఎగువ అహోబిలంలోనే ఎందుకు? ఆళ్లగడ్డలో, రుద్రవరంలో, పారువేట తిరిగే పల్లెల్లో ఉండొచ్చు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు వినడానికి ఒక పూట కేటాయించొచ్చు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి కారులో వచ్చి, మూడు గుళ్లు చూసి, చీకటి పడకముందే వెళ్లిపోయేవాళ్ల వల్ల ఊరికి మిగిలేది టైర్ల దుమ్ము, నీళ్ల సీసాలు. వాళ్లను ఒక రాత్రి పల్లెలో ఉంచగలిగితే ఆ డబ్బు పల్లెలో ఉంటుంది.

డబ్బు ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న అడిగినప్పుడు ముందు గుర్తుకు రావలసినది చెంచులు. స్వామిని అల్లుడిగా చేసుకున్న జాతి, ప్రభుత్వ లెక్కల్లో అత్యంత వెనుకబడిన ఆదిమ గిరిజన తెగల్లో ఒకటి. చెంచులక్ష్మి మీద 1943లో ఒకటి, 1958లో ఒకటి సినిమాలు తీసి తెలుగువాళ్లం మురిసిపోయాం. ఆ ఇంటి ఆడబిడ్డలు ఈ రోజుకీ తేనె, జిగురు, కుంకుడుకాయలు ఏరుకుని గిరిజన సహకార సంస్థ ధరకో, షావుకారు ధరకో అమ్ముకోవలసిందే. ఈ అడవిలో ఏ బండ వెనక ఎలుగు పడుకుంటుందో, ఏ మలుపులో నీళ్లుంటాయో వాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. పులుల అభయారణ్యంలో అటవీశాఖ చెంచులను కాపలాకు నియమించుకుని వాళ్ల విద్యను వాడుకుంటూనే ఉంది. అహోబిలం దారుల్లో వెంట నడిచే మనిషి ఉద్యోగం మొదట చెంచు యువకులకే ఇవ్వాలి, నెల జీతంతో. డోలీ మోసేవాళ్లకు గుర్తింపు కార్డు, బీమా, మోయాల్సిన బరువుకు హద్దు, నిర్ణయించిన ధర ఉండాలి. కాయకాచిన ఆ భుజం యాభై ఏళ్లు దాటాక మోయలేదు. అప్పుడు ఆ ఇల్లు గడిచేదెట్లా?

ఇదంతా ఎవరు చేయాలి? చిక్కుముడి ఇక్కడే ఉంది. గుడి అహోబిల మఠానిది. దానికి కార్యనిర్వహణాధికారిని ప్రభుత్వం నియమించడం చెల్లదని 2022 అక్టోబరులో హైకోర్టు తీర్పిచ్చింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తీర్పు సబబైనదే. మఠం శతాబ్దాలుగా చేస్తున్న సేవను ఒక అధికారి కుర్చీ చేయలేదు. కానీ గుడి గడప దాటితే దారి అటవీశాఖది, ఊరు పంచాయతీది, బస్సు ఆర్టీసీది, విడిది పర్యాటక సంస్థది, చెంచుల బాగోగులు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏవి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కాస్త దగ్గరయ్యారు, అంతే. ఎవరి ముక్క వాళ్లు చూసుకుంటున్నారు. కొండ మొత్తాన్ని చూసేవాళ్లు లేరు. కోర్టు తీర్పు తర్వాత, గుడి మాది కాదు కదా అని ప్రభుత్వ శాఖలు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. గుడి లోపలి సేవ మఠం హక్కు. గుడి బయటి మనుషుల ప్రాణం, నీళ్లు, అడవి ప్రభుత్వ బాధ్యత.

మఠం, అటవీశాఖ, పంచాయతీ, చెంచు పెద్దలు, డోలీ, జీపుల వాళ్లు కలెక్టరు ముందు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. వాళ్లు మొదట తేల్చాల్సింది ఒక్కటే. ఏ దారిలో రోజుకు ఎంతమంది? భవనాశి ఎండాకాలపు నీటిని కొలిచి, జ్వాలా దారిలో ఇరుకైన చోట్లను కొలిచి, వచ్చే ఏడాది స్వాతి రోజుల్లో, బ్రహ్మోత్సవాల్లో వచ్చినవాళ్లను గేటు దగ్గర లెక్కపెట్టి ఆ అంకె తేల్చాలి. బండికి ఇంతని రుసుము పెట్టి, అది నేరుగా పంచాయతీ ఖాతాకు పోయేట్టు చూడాలి. కేంద్రం నుంచి పర్యాటకం పద్దు కింద ఎన్ని కోట్లు వచ్చినా ఈ అంకె తర్వాతే ఖర్చు కావాలి.

అందాకా ఎగువ అహోబిలంలో కొత్త గదికి గానీ, రోప్‌వే స్తంభానికి గానీ పునాది తీయడానికి ఏ శాఖా అనుమతి ఇవ్వకూడదు. ఇచ్చే అధికారం ఉన్నవాళ్లు సంతకం పెట్టేముందు ఒక్కసారి డోలీల వెంట జ్వాలా దాకా నడిచి రావాలని నా విన్నపం.